పడవేత నుంచి పది మీటర్ల గీత వరకు: జూడోనా, కుస్తీనా

2022 జూలై 4, సోమవారం, ఉదయం 5 గంటల 50 నిమిషాలు. ఆకాశం మబ్బుగా ఉంది, చినుకు లేదు, పడమటి గాలి బలంగా వీస్తోంది. కర్నూలులో నేను ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసిన డిగ్రీ కళాశాల మైదానంలో ఆ ఉదయం ఇరవై నలుగురు విద్యార్థినులు వరుసలో నిలబడ్డారు. ఫిజికల్ డైరెక్టరంటే కళాశాల క్రీడలకు, వ్యాయామానికి బాధ్యుడు. నేరుగా ప్రిన్సిపాలుకే జవాబు చెప్పుకోవాలి. విద్యార్థినుల ఆత్మరక్షణకూ దేహదారుఢ్యానికీ ఏటా నడపవలసిన శిక్షణగా జూడో, కుస్తీలలో ఒకదాన్ని ఎంచి నివేదిక ఇమ్మని ప్రిన్సిపాలు నన్ను ఆదేశించారు.

రెండూ పట్టు మీద నడిచే విద్యలే. జూడోలో ప్రత్యర్థి తొడుక్కున్న మందపాటి అంగీ కాలరు, చేతులు పట్టుకుని పడవేస్తారు. వెల్లకిలా పూర్తిగా పడితే ఆట అక్కడితో ముగుస్తుంది. కుస్తీలో పట్టుకోవడానికి బట్ట ఉండదు. మణికట్టు, మెడ, నడుము మాత్రమే ఆధారం. రెండు భుజాలూ మట్టికి తాకితే ఓటమి. నేను జూడోలో శిక్షణ పొందినవాణ్ణి. నా మొగ్గు ఎటో దాచను. అందుకే అభిప్రాయాన్ని పక్కన పెట్టి అంకెలనే నమ్మదలిచాను.

పన్నెండు మంది చొప్పున రెండు జట్లు చేశాను. జూడో జట్టు నాది. కుస్తీ జట్టును రజియాకు అప్పగించాను. పాతబస్తీ తాలింఖానాలో తాత దగ్గర కుస్తీ నేర్చిన ఇరవై ఆరేళ్ల అమ్మాయి ఆమె. ఆరు వారాలు, ముప్పై ఆరు ఉదయాలు.

నా జట్టులో లక్ష్మీదేవి అనే రెండో సంవత్సరం విద్యార్థిని ఉంది. కోడుమూరు దగ్గరి పల్లె. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడవాలి. జూన్‌లో ఒక సాయంత్రం ఆ దారిలో మోటారు సైకిలు మీద వచ్చినవాడొకడు ఆమె మణికట్టు పట్టుకుని లాగాడు. గొర్రెల మంద తోలుకుంటూ ఎవరో ఎదురు రావడంతో వదిలి పోయాడు. తండ్రి ఈరన్న మెట్ట రైతు. కూతుర్ని చదువు మాన్పించడానికి టీసీ దరఖాస్తు పట్టుకుని నా గదికి వచ్చాడు. ఆగస్టు 31 వరకు గడువు ఇమ్మన్నాను.

"సరే సారూ. ఆలోపల నాకు ధైర్యం చిక్కితే సరి, లేకుంటే పాప ఇంటికాడే ఉంటాది" అన్నాడు.

ఆగస్టు 13, శనివారం, పరీక్ష పెట్టాను. ఇద్దరు కబడ్డీ ఆటగాళ్లు దాడి చేసేవారి పాత్ర తీసుకున్నారు. జూడో జట్టుకు అంగీలతో చాప మీద, కుస్తీ జట్టుకు మట్టి గోదాలో. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు, జట్టుకు ముప్పై ఆరు. పడవేస్తే ఒకటి, లేకుంటే సున్న. ఈరన్న కూడా వచ్చి మైదానం అంచున గొంతుక్కూర్చుని చూశాడు.

జూడో 27, కుస్తీ 19. నివేదిక అప్పుడే సగం రాసేశాను.

చివరి అవకాశంలో లక్ష్మీదేవి తనకంటే బరువైనవాణ్ణి చక్కగా పడవేసింది. నేను నేర్పిన మర్యాద ప్రకారం రెండడుగులు వెనక్కి వేసి, నడుము వంచి అభివాదం చేసింది. పడ్డవాడు పడ్డచోటి నుంచే చెయ్యి చాచి, నవ్వుతూ ఆమె కాలు పట్టుకున్నాడు. అందరూ నవ్వారు. ఈరన్న నవ్వలేదు.

"సారూ, పడేసె, శానా బాగుండాది. పడేసినోనికి మళ్లా దండమేంది? దండం తీసుకోని, వాడు ఊరికే పోతాడా?"

అది ఆట పద్ధతి అని చెప్పాను.

"పద్ధతి మీ చాప మీద సారూ. మా దోవలో చాపలెవరు పరుస్తారు?"

రజియా నా పుస్తకంలోకి తొంగిచూసి, "మాకూ సలాం ఉండాది సార్. దాన్ని గోదాలోనే ఇడిసిపెట్టి రమ్మని చెప్తా" అంది. తన జట్టుకు నేను వేసిన సున్నల్ని వేలితో చూపించింది. "ఈ తొమ్మిదిట్లో పిల్లలు చెయ్యి ఇడిపించుకోని పక్కకు పోయినారు. పడేయలేదని సున్నలేస్తిరి."

ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నా కొలతలో తప్పు పట్టినవారు తక్కువ. ఆ రోజు ఇద్దరు పట్టారు, ఇద్దరూ సరిగ్గానే పట్టారు. ఆత్మరక్షణకు శిక్షణ ఇచ్చి, ఆటకు మార్కులు వేశాను. సగం రాసిన నివేదిక చింపేశాను.

ఆగస్టు 16, మంగళవారం, మళ్లీ పరీక్ష. ఈసారి చాప లేదు, గోదా లేదు, గరుసు నేల. అమ్మాయిలు రోజూ వేసుకునే బట్టల్లో, చున్నీతో. పట్టు తప్పించుకుని పది మీటర్ల దూరంలో సున్నంతో గీసిన గీత దాటితేనే ఒకటి. జూడో 15, కుస్తీ 26. కారణం స్పష్టం: అంగీ పట్టుకు అలవాటుపడ్డ నా జట్టు చేతులకు దాడి చేసేవారి పొట్టిచేతుల చొక్కాల మీద పట్టు దొరకలేదు. మోచేతులు గీరుకుపోయింది మాత్రం నా జట్టులో ఇద్దరికి, కుస్తీ జట్టులో ఏడుగురికి. అందుచేత దెబ్బ తగలకుండా పడే పద్ధతి ఒక్కటి జూడో నుంచి తీసుకుని, శిక్షణగా కుస్తీని సిఫారసు చేస్తూ సంతకం పెట్టాను. కుస్తీ కసరత్తులో భాగమైన దండీలు, బస్కీల వల్ల దేహదారుఢ్యంలోనూ దానికి లోటు లేదు.

లక్ష్మీదేవిని మరునాడే రజియా జట్టుకు మార్చాను. ఆమెకు మిగిలినవి పదకొండు ఉదయాలు.

ఆగస్టు 30, మంగళవారం, ఈరన్న తన బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు. డోన్‌లో బస్తాలు మోసే హమాలీ. అతని అరచెయ్యి అమ్మాయి మణికట్టును చుట్టి ఇంకా మిగిలింది.

"ఏమే లచ్చిమీ, గట్టిగా పట్టుకుంటే ఏడ్చేవు!"

"నువ్వు పట్టుకో మామా, ఏడ్చేదెవురో చూస్తాం."

అయిదు అవకాశాలు. మొదటి రెండింటిలో బొటనవేలి వైపుకు చెయ్యి తిప్పి లాగి, గీత దాటింది. మూడోసారి అతను చున్నీ అందుకున్నాడు. ఆమె దాన్ని లాక్కోబోయి ఆగిపోయింది. నాలుగు, అయిదు మళ్లీ దాటింది. హమాలీ బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు.

"ఆ మూడోదేమైందే?" అని ఈరన్న అడిగాడు.

"చున్నీ ఇడిసేసి ఉరకాల్సింది నాయనా."

"ఇడిసెయ్. చున్నీదేముండాది, సంతలో దొరుకుతాది" అని, నా వైపు తిరిగి, "ఆ కాగితం ఇచ్చేయండి సారూ" అన్నాడు. టీసీ దరఖాస్తు తీసి ఇచ్చాను. ఎనిమిది మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

లెక్కించడం మొదలుపెట్టే ముందు దేన్ని లెక్కించాలో ఒక వాక్యంలో రాసుకోవాలి. నేర్చుకున్నది ఇంతే. ఆ తర్వాత ప్రతి శిక్షణ పుస్తకం మొదటి పేజీలో ఆ వాక్యం రాశాను: "గీత దాటిందా?"

2025 మేలో నేను పదవీ విరమణ చేసేనాటికి ఆరు జట్లు, నూట ముప్పై ఒక్క మంది శిక్షణ పూర్తిచేశారు. లక్ష్మీదేవి మిగిలిన రెండేళ్లూ అదే దారిన వచ్చి డిగ్రీ పూర్తిచేసింది. ఆమె మీద మళ్లీ ఎవరూ చెయ్యి వేయలేదు. నాకు తెలిసినంతలో నేర్చినది నిజంగా అవసరపడింది మరో ఇద్దరికి. ఆ ఇద్దరిలో ఎవరినైనా పడవేసినవారు సున్న. ఇంటికి చేరినవారు ఇద్దరు.