తురిమిన పావుగంటలోపే

తొంభైల చివర్లో మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ గెస్ట్ హౌస్‌లో నేను వంట చేసేదాన్ని. బండలు పేల్చి రోడ్లు వేస్తున్న రోజులవి. బోరబండ నుంచి వచ్చేసరికి చీర అంచంతా దుమ్ము.

అప్పుడు జపాన్ ఇంజినీరొకాయన మూడు నెలలు అక్కడే ఉన్నాడు. అరవైకి దగ్గరపడ్డ నెమ్మదస్తుడు. ఒకరోజు తడిగుడ్డ మూట ఒకటి నా చేతిలో పెట్టాడు. వాళ్ల ఊరి నుంచి వచ్చిన స్నేహితుడు తెచ్చాడట. విప్పితే జానకు కాస్త తక్కువ పొడవున్న పచ్చటి దుంప, ఒంటినిండా గంట్లు. "వసాబి" అన్నాడు. వాళ్ల దేశంలో చేపలతో నంజుకుంటారట.

నాది పదో తరగతి ఇంగ్లీషు, ఆయనదీ అంతంతే. అయినా చేతులతో చూపించి అన్నీ చెప్పాడు. తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి, గుడ్డ రోజూ మార్చాలి. తినే ముందే, తను తెచ్చుకున్న తురిమే రేకు మీద, ఆకులు మొలిచే కొస నుంచి గుండ్రంగా, మెల్లగా తురమాలి. పావుగంట దాటితే ఘాటు పోతుంది. మొదటిసారి నాలుక మీద పెట్టుకుంటే ఆవపిండిలా ముక్కులోకి ఎక్కి, వెంటనే తియ్యగా దిగింది. నేను రోజూ పొద్దున్నే గుడ్డ మార్చాను. ఒక్కరోజు కూడా మరవలేదు.

వారం తర్వాత కంపెనీ పెద్దలు రాత్రి భోజనానికి వస్తారన్నారు. ఇంజినీరు ఆ దుంపను వాళ్లకు రుచి చూపిస్తానన్నాడు. మా మేనేజర్ పొద్దున్నే వంటింట్లోకి వచ్చాడు.

"ఏమ్మా, అది ఇప్పుడే మిక్సీలో వేసి పెట్టెయ్. రాత్రికి హడావుడి ఉండదు."

"వద్దు సార్. ఇప్పుడు చేస్తే రాత్రికి ఘాటంతా పోతది. తినే ముందరనే తురుమాలె."

"అల్లంలాంటిదేగా. దానికింత రాద్ధాంతమా?"

నన్ను చేపలకు పంపాడు. తిరిగొచ్చేసరికి సగం దుంప కోసి, నీళ్లు పోసి, తనే మిక్సీ తిప్పేశాడు. మిగతా సగాన్ని గట్టు మీదే వదిలేశాడు. దాన్ని మళ్లీ తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను.

రాత్రి ఆ ముద్ద రంగు మారి, గడ్డి రుచితో మిగిలింది. ఇంజినీరు కొంచెం నోట్లో పెట్టుకుని ప్లేటు పక్కకు జరిపాడు. అప్పుడు మేనేజర్ పెద్దల వైపు తిరిగి, మా వంటామె సరిగ్గా దాచక పాడు చేసిందని ఇంగ్లీషులో చెప్పాడు. నేను పక్కనే నీళ్లు పోస్తున్నాను. పాడు చేసిందన్న మాట అర్థమయ్యేంత ఇంగ్లీషు నాకు వచ్చు.

జగ్గు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లాను. మిగిలిన సగం, తురిమే రేకు తెచ్చి ఇంజినీరు ముందు పెట్టాను. ఆయన గుడ్డ విప్పి, వాసన చూసి, "వెరీ గుడ్" అన్నాడు. అక్కడే నిలబడి తురిమాను. ఘాటుకు ఒక పెద్దాయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా ఇంకా కావాలన్నాడు. మేనేజర్ నవ్వుతూ, "ఈ ముక్క ఎలాగో బాగుందండి, అదృష్టం" అన్నాడు.

అదృష్టమా? ఇన్నేళ్ల తర్వాత ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాడు పొద్దున మేనేజర్ గదికి వెళ్లాను. "నిన్న మీరు చెప్పింది అబద్ధం సార్. పెద్దసార్లకు నిజం చెప్పుండ్రి."

"పోనీలేమ్మా, చిన్న విషయం."

"నా పనికి మచ్చ పడ్డది. నాకు చిన్నది కాదు."

ఆయన కాగితాల్లోంచి తల ఎత్తలేదు. నిజం చెప్తాడేమోనని మూడు వారాలు చూశాను. ఇంజినీరు వెళ్లిపోయే రోజున ఆ తురిమే రేకు నాకే ఇచ్చి, నడుం వంచి దండం పెట్టాడు. ఆ మరుసటి వారం నేను పని మానేశాను.

నిజాంపేటలో ఆడపిల్లల హాస్టల్లో చేరాను. మొదటి రోజే హాస్టల్ ఓనరమ్మకు చెప్పాను: "నేను లేనప్పుడు వంటింట్ల ఎవ్వరూ చెయ్యి పెట్టొద్దమ్మా. పాడైతే నన్ను అనుండ్రి, నేను చేసింది అయితేనే."

ఆమె స్టోర్ గది తాళంచెవి నా చేతికిచ్చింది.