ధవళేశ్వరం నుంచి నిడదవోలుకు, ఆటో ఎక్కకుండా

ఈ ప్రయాణం సరదా కోసం మొదలవలేదు. మా బావగారి మాట మీద మొదలైంది. మా అక్క సరోజకు యాభై ఏడేళ్ళు. నిడదవోలులో వాళ్ళది ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. ఎప్పుడో స్కూలు రోజుల్లో తొక్కి మానేసిన సైకిల్ మీద ఈ ఏడాది మళ్ళీ మనసు పుట్టి, తన డబ్బుతో ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిల్ ఒకటి కొనుక్కుంది. రాజమండ్రిలో మా వీధిలోనే ఉండే ప్రసాద్ మాస్టారు, రిటైరైన డ్రిల్లు మాస్టారు, నెలకో ఆదివారం ఒక గుంపును పల్లెదారుల్లో సైకిళ్ళ మీద తీసుకెళ్తుంటారు. వయసుతో పని లేదు, వేగంతో పని లేదు, ఎవరైనా రావచ్చు. కిందటి నెల కడియం నర్సరీల వైపు వెళ్ళినప్పుడు అక్క కూడా వచ్చింది. నేను కబుర్లలో పడి ముందుకు వెళ్ళిపోయాను. తిరిగి చూసేసరికి ఆవిడ వెనకాల వచ్చే ట్రాలీ ఆటోలో, మోకాలి మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది. నేను వెంటనే బావగారికి ఫోన్ చేసి, "అక్కకి మోకాలు నొప్పండీ, ఆటో ఎక్కింది" అని చెప్పేశాను. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. "ఈసారి కూడా ఆటోలో దిగిందంటే ఆ సైకిల్ అటక మీద పెట్టేస్తానమ్మా. ఇంక దాని ఊసెత్తద్దు."

అక్క వాదించలేదు. సైకిల్‌ను మా అపార్ట్‌మెంట్ కింద వదిలేసి రైలెక్కింది. వారం తర్వాత ఫోన్ చేసి, "మళ్ళీ ఎప్పుడు బయల్దేరతారో మాస్టారిని కనుక్కోవే" అంది, అంతే. అలా నాకు ఇంకో ఆదివారం నిద్ర పోయింది. వారమంతా కాలేజీ ఆఫీసులో ఫీజు రసీదులు రాసే మనిషికి ఆదివారం పొద్దున్న పడుకునే హక్కు ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తోచదు.

ఈసారి దారి ధవళేశ్వరం నుంచి బ్యారేజీ మీదుగా విజ్జేశ్వరం, అక్కణ్ణించి కాలవ గట్టు పట్టుకుని నిడదవోలు. సుమారు పద్దెనిమిది కిలోమీటర్లు. ఎక్కడా ఎత్తు లేదు, బ్యారేజీ దాటాక బస్సుల గోల కూడా తక్కువ. కొత్తగా తొక్కేవాళ్ళకు ఇంతకన్నా మంచి దారి మా వైపు లేదు. సైకిల్ లేనివాళ్ళకు రాజమండ్రిలో పూటకు రెండువందలకు అద్దెకు దొరుకుతుంది. మనిషికి నూట యాభై మాస్టారికిస్తే ఆటో ఖర్చు, మజ్జిగ, అరటిపళ్ళు అందులోనే. తిరుగు ప్రయాణానికి నిడదవోలు జంక్షన్ నుంచి రైళ్ళుంటాయి, సైకిళ్ళు ఆటోలో వెనక్కి వెళ్తాయి. ఆరింటికి బయల్దేరి తొమ్మిదింటికి చేరతామని మాస్టారు చెప్పారు. ఆయన మాట నమ్మి నేను ఇంటి దగ్గర పన్నెండింటికి భోజనం పెట్టుకున్నాను, నా బుద్ధి తక్కువ.

ఆరింటికి ధవళేశ్వరంలో పద్నాలుగు మందిమి పోగయ్యాం. మాస్టారు విజిల్ ఊది తన రూలు చెప్పారు: అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాళ్ళు అందరికన్నా ముందుండాలి, వాళ్ళను ఎవరూ దాటకూడదు. అక్కను ముందు నిలబెట్టారు. వెనకాల నూకరాజు ట్రాలీ ఆటో. నూకరాజుది ధవళేశ్వరంలో చేపలు పట్టే కుటుంబం. మిగతా రోజుల్లో అదే ఆటోలో చేపల బాక్సులు మార్కెట్‌కు వేస్తాడు. అక్కను చూడగానే పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మగారూ, నిన్న సాయంత్రం నాలుగు బకెట్లతో కడిగానండి బండి. పసుపునీళ్ళు కూడా జల్లానండి. మీరు తినరు కదండీ, వాసన తగలకూడదని. కొత్త పరుపు కూడా వేశానండి, చూడండోసారి."

అక్క చూసి, "అయ్యో, నాకోసం ఇంత ఎందుకు నూకరాజూ, ఎంత బాగుందో" అంది. నాకు ఒళ్ళు మండింది. ఎక్కకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చిన మనిషి ఆటోను మెచ్చుకోవడమేమిటి?

బ్యారేజీ మీద ఎదురుగాలి. గోదావరి రెండు పక్కలా ఉందని తెలుసు గానీ నేను చూసింది అక్క వెనక చక్రాన్నే. ఆవిడ నడిచేవాళ్ళతో పోటీగా తొక్కుతోంది. నిజంగానే మార్నింగ్ వాక్‌కు వచ్చిన ఒకాయన మమ్మల్ని దాటేసి, వెనక్కి తిరిగి, "ఏమైనా ఇబ్బందాండీ?" అని అడిగి వెళ్ళాడు. హెల్మెట్లు పెట్టుకొచ్చిన నలుగురైదుగురు వెనక నుంచి బెల్లు మీద బెల్లు కొడుతున్నారు. మాస్టారు విజిల్ మీద విజిల్ ఊదుతున్నారు. ఈ మోతలో బావగారి ఫోన్లు. విజ్జేశ్వరం చేరేలోపు మూడు. ఫోన్ వచ్చినప్పుడల్లా నేను సైకిల్ దిగి, "బాగానే ఉందండీ, తొక్కుతోందండీ" అని చెప్పి, మళ్ళీ ఎక్కి అందుకోవాలి. అక్క మాత్రం ఒక్కసారి కూడా దిగలేదు.

ఏడున్నరకు దాటాల్సిన విజ్జేశ్వరం ఎనిమిదిన్నరకు చేరాం. టిఫిను అక్కడే, రోడ్డు పక్క రేకుల షెడ్డులో. పెసరట్టు ఉప్మా నలభై రూపాయలు, అల్లం పచ్చడి ఎంత కావాలంటే అంత. పెసరట్టు ఎంత బాగుందో చెప్పడానికి నాకు మనసు రావడంలేదు, ఎందుకంటే అక్కడే ముప్పావుగంట పోయింది. వడ్డించే ఆవిడ అక్క సైకిల్ చూసి ముచ్చట పడిపోయింది.

"ఇంకోటి వేయమంటారా అండీ?"

"వద్దండి, చాలండి."

"అలాగంటే ఎలాగండీ, ఇంత దూరం తొక్కొచ్చారు."

"వద్దండి, నిజంగా."

"చిన్నది వేస్తానండీ."

"సరే, మీ ఇష్టం" అంది అక్క. చిన్నదని చెప్పింది పళ్ళెం దాటి వచ్చింది.

మా వైపు సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడ కొంచెం చెప్పాలి. గోదావరి జిల్లాల్లో ఎవరైనా ఏదైనా పెడితే మొదటిసారి వద్దంటాం, రెండోసారి వద్దంటాం, మూడోసారి తీసుకుంటాం. మొదటి వద్దును వద్దనుకుని ఊరుకున్నవాణ్ణి మర్యాద తెలియనివాడంటారు. అందువల్ల ఇక్కడ నిజంగా వద్దనుకున్నవాళ్ళకు దారి లేదు. మా అక్క విషయంలో అయితే మరీను. కొట్లో ముప్పై అయిదేళ్ళు బేరాలాడిన మనిషి, ఎదుటివాళ్ళు ప్రేమగా మూడోసారి అడిగితే నీరుగారిపోతుంది. టిఫిను దగ్గర ఉండగానే బావగారి నాలుగో ఫోన్ వచ్చింది. నేను చిరాకులో ఉండి, "ఇంకా విజ్జేశ్వరంలోనే ఉన్నామండీ, ఎప్పటికి వస్తామో నాకు తెలీదండీ" అని పెట్టేశాను. అలా అనకుండా ఉండాల్సింది.

కాలవ గట్టు దారి నిజంగా చల్లగా, హాయిగా ఉంటుంది. ఉండాలి. కానీ మేం వెళ్ళింది డిసెంబరులో. కోతలయిపోయి ఊళ్ళోని వడ్లన్నీ రోడ్డు మీదే ఉన్నాయి. సగం రోడ్డు వడ్లు, మిగిలిన సగంలో ట్రాక్టర్లు, ఆ మిగిలిన జానెడు మాకు. బరకాల మీద వడ్లు ఎగదోస్తున్న ఒక రైతు అక్కను చూసి పార పక్కన పెట్టి, కొబ్బరిబోండాలు కొట్టించాడు. పద్నాలుగు మందికీ. వద్దంటే, "మా ఊరి మీంచి వెళ్తూ దాహంతో వెళ్తారేంటండీ?" అని తగాదాకు దిగాడు. డబ్బులిస్తే కోపం వచ్చింది. ఇంకో అరగంట. హెల్మెట్ల వాళ్ళు మాస్టారికి దణ్ణం పెట్టి, రూలు తప్పి ముందుకు వెళ్ళిపోయారు. వాళ్ళను నేను తప్పుపట్టలేదు.

ఇంకో రెండు కిలోమీటర్లు వెళ్ళేసరికి నా కుడి పిక్క పట్టేసింది. దిగి ఎంత రుద్దినా వదల్లేదు. అక్కకు కాపలాగా వచ్చినదాన్ని నేను. నూకరాజు ఆటో పక్కన ఆపి, "ఎక్కండి మేడమ్" అన్నాడు. నేను ఒక్కసారి కూడా వద్దనలేదు. కొత్త పరుపు మీద నేను, నా వెనకాల నా అద్దె సైకిల్, ముందు బుట్ట సైకిల్ మీద మా అక్క. పసుపునీళ్ళు చల్లినా చేపల వాసన పూర్తిగా పోలేదని నాకప్పుడే తెలిసింది.

"పాపం, అక్కకీ ఇలాగే పట్టేసి ఉంటుంది పోయినసారి. మోకాలు" అన్నాను.

నూకరాజు అద్దంలోంచి నా వైపు చూశాడు. "మోకాలేంటండీ? ఆవిడకేం నొప్పి లేదండీ. అన్నేసి మైళ్ళు ఊరికే ఖాళీ బండి నడపడం నాకే బాగోలేదండీ. ఎక్కండమ్మా, ఎక్కండమ్మా అని నేనే బతిమాలానండి. రెండుసార్లు వద్దన్నారు. మూడోసారి అడిగితే ఎక్కేశారండి."

"మరి మోకాలి మీద చెయ్యి?"

"చేపల బాక్సు ఒకటుండిపోయిందండీ బండిలో. దానికి చీర తగలకుండా కుచ్చిళ్ళు పట్టుకుని కూర్చున్నారండి."

అక్కను ఒక్క మాట అడక్కుండా ఆవిడకు మోకాలి నొప్పి అంటగట్టింది నేనే. బావగారికి ఫోన్ చేసింది నేనే. ఈ ఆదివారమంతా దారిలో కనబడిన ప్రతివాళ్ళనూ విసుక్కుంటున్నాను గానీ, ఆ సైకిల్‌ను అటక దాకా తీసుకెళ్ళింది నా నోరే. పొద్దుటి నుంచి ఉన్న చిరాకంతా నా మీదికే తిరిగింది.

సమిశ్రగూడెం దాటుతుండగా ఎదురుగా స్కూటర్ వచ్చి అక్క ముందు ఆగింది. బావగారు. వెనక సీటు మీద దిండొకటి తాడుతో కట్టి ఉంది. విజ్జేశ్వరంలో నా మాట విని కొట్టు మూసేసి వచ్చారు.

"ఎక్కు సరోజా. చాల్లే, ఇక్కడిదాకా వచ్చావుగా. సైకిల్ ఆటోలో వేస్తారు" అన్నారు.

"వద్దండి" అంది అక్క, ఒక కాలు నేలమీద ఆనించి.

"ఎండెక్కిపోయింది. నీకోసం దిండు కూడా తెచ్చాను. ఎక్కు."

"పర్లేదండి. వచ్చేస్తాను."

నేను ఆటో దిగాను. మోకాలి మాట నాదని అప్పుడే, అక్కడే చెప్పాలి. బావగారి ముందు ధైర్యం చాలక పిక్క రుద్దుకుంటూ నిలబడ్డాను. ఆయన స్కూటర్ స్టాండ్ వేసి, అక్క దగ్గరకొచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేశారు. పాపం, ఆయన గొంతులో కోపం కూడా లేదు. "నీ మంచికే చెప్తున్నాను. ఎక్కమ్మా" అన్నారు.

అది మూడోసారి. అయిపోయిందనుకున్నాను.

"ఎక్కను" అంది అక్క. ఆ మాట వెనకాల 'అండి' లేదు, నవ్వు లేదు.

బావగారు వినపడనట్టు చూశారు. "మోకాలు..."

"నా మోకాలికేం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పోయినసారి అంత ప్రేమగా పిలుస్తుంటే కాదనలేక ఎక్కాను. ఆ మాట చెప్పుకోడానికి సిగ్గేసి ఊరుకున్నాను. మీరింకో వందసార్లు అడగండి, నేను ఎక్కను. చెయ్యి తియ్యండి, ఎంతసేపు ఆగితే మళ్ళీ తొక్కడం అంత కష్టం."

ఆయన చెయ్యి తీశారు. అక్క రెండుసార్లు తూలి, మూడో తొక్కుడుకు నిలదొక్కుకుని వెళ్ళిపోయింది. మాస్టారు విజిల్ ఊదడం మర్చిపోయారు. బావగారు స్కూటర్ వెనక్కి తిప్పి, ఆవిడ వెనకాల కాళ్ళు నేలకు రాసుకుంటూ నడిపారు. ఆ వేగానికి స్కూటర్ నాలుగుసార్లు ఆగిపోయింది. ప్రతిసారీ కిక్కు కొట్టుకుంటూ ఆయన పడ్డ అవస్థ చూసి నాకు ఆ రోజులో మొదటిసారి హాయనిపించింది.

నిడదవోలులో కొట్టు ముందు దిగేసరికి పదకొండూ పది. అక్క మొహం ఎర్రగా కందిపోయి ఉంది. చెంబుడు నీళ్ళు తాగి, బావగారిని సైకిల్ గురించి ఒక్క మాట కూడా అడగలేదు. ఆయనే కొట్టు గుమ్మం పక్కన పేర్చిన ఇత్తడి బిందెలు ఒక్కోటీ లోపలికి జరిపి, ఖాళీ అయిన చోట ఆ సైకిల్ తెచ్చి నిలబెట్టారు. అప్పటికి నాకు ధైర్యం వచ్చింది. "బావగారూ, మోకాలు నొప్పని చెప్పింది నేనేనండీ. అక్క అనలేదు. నేను కనుక్కోకుండా చెప్పేశాను" అన్నాను. ఆయన సరేనన్నట్టు తలూపి, అటూ ఇటూ చూసి, "మరి నీ సైకిలేదమ్మా?" అన్నారు. నేను ఆటో వైపు చూపించాల్సి వచ్చింది.

ఇంటికి వెళ్ళే రైల్లో పిక్క రుద్దుకుంటూ ఆలోచిస్తే నవ్వూ వచ్చింది, కష్టమూ వేసింది. ఆ దారిలో మాకు అన్యాయం చేసినవాడు ఒక్కడు లేడు. పెసరట్టు ఆవిడ, బోండాల రైతు, నూకరాజు, బావగారు, అందరూ మంచి చెయ్యబోయినవాళ్ళే. నేనూ అంతే అనుకున్నాను. కానీ ఇంతమంది మంచితనం కలిసి ఒక మనిషిని ఆవిడ సొంత సైకిల్ మీంచి దింపేయబోయింది. మా అక్క పద్దెనిమిది కిలోమీటర్లు తొక్కడానికి కష్టపడింది నిజమే గానీ, అంతకన్నా ఎక్కువ కష్టపడింది ఆ ఒక్క ముక్క అనడానికి. యాభై ఏడేళ్ళు పట్టిందావిడకు. నేను ఆవిడ తరఫున మాట్లాడకుండా ఉంటే ఇంకాస్త ముందే అనేదేమో.

ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒకటే చెప్తాను. బయల్దేరే ముందే ఆటో డ్రైవరుతో మాట్లాడుకోండి: తొక్కేవాళ్ళు చెయ్యెత్తి పిలిస్తేనే ఆపాలి, తనంతట తాను ఎవరినీ ఎక్కమని అడక్కూడదు. మా గుంపులో ఇప్పుడిది మాస్టారి రెండో రూలు. నూకరాజు మొదట నొచ్చుకున్నాడు, తర్వాత అలవాటు పడ్డాడు. ఆ తర్వాత రెండు ఆదివారాలు వెళ్ళాం. అక్క ఇప్పటిదాకా ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. నేను రెండుసార్లు ఎత్తాను.