ధక్కా బండి

మొన్న నన్ను ఆస్పత్రికి తీసుకెళ్దామని మా అల్లుడు తన కొత్త కారును కామాటిపురలోని మా గల్లీలోకి తెచ్చాడు. ఎంతో ఖరీదు పెట్టి కొన్న కారు. నేను ఎక్కి కూర్చున్నాక అది కదలనంది. ముందున్న తెర మీద ఏవో ఎర్రక్షరాలు వెలిగాయి, అంతే. చాయ్ దుకాణం దగ్గరి కుర్రాళ్లు కొందరు చేతులు దులుపుకుంటూ సాయానికి వచ్చారు గానీ, దీన్ని నెట్టకూడదు, కంపెనీవాళ్లే వచ్చి ఎత్తుకెళ్లాలి అని అల్లుడు మరాఠీలో చెప్పేసరికి వచ్చిన దారినే వెళ్లిపోయారు. ఖరీదైన బండ్లే ఎక్కువ మొరాయిస్తాయా మామయ్యా అని అడిగాడు పాపం. నాకు మా పెదనాన్న టాక్సీ గుర్తొచ్చింది.

ఆ నలుపు పసుపు టాక్సీని మా చాల్‌లో, అంటే మేముండే వరస గదుల మేడలో, అందరూ ధక్కా బండి అనేవారు. నెట్టడాన్ని పాలమూరు నుంచి కొత్తగా వచ్చిన కూలీలు నూకుడు అనేవారు గానీ, మాతో కొన్నాళ్లుంటే వాళ్లకూ ధక్కాయే అలవాటయ్యేది. పొద్దున్నే పెదనాన్న స్టీరింగు ముందు కూర్చుని ఒక కేక వేస్తే, పళ్లు తోముకునేవాళ్లు నోట్లో నురుగుతోనే, నల్లా దగ్గరివాళ్లు బిందెలు వదిలేసి వచ్చేవారు. ఢక్కామొక్కీలు తిన్న మనుషులకు ధక్కా కొట్టడం ఒక లెక్కా! ఫోరస్ రోడ్డు మలుపు దాకా నెడితే అది దగ్గి, తుమ్మి, చివరికి లేచేది.

మా నాన్న మాత్రం వర్లిలో ఒక సేఠ్ దగ్గర డ్రైవరు. ఆ విదేశీ కారు తాళం తిప్పితే చాలు, పిల్లిలా గుర్రుమనేది. "నీది బండి గాదన్నా, పెండ్లి. ఊరంత రావాలె" అని నాన్న వెక్కిరిస్తే పెదనాన్న నవ్వి ఊరుకునేవాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం అమ్మకు ఉబ్బసం ముదిరి ఊపిరాడలేదు, పెదవులు నల్లబడ్డాయి. నాన్న సేఠ్‌ను బతిమాలి ఆ కారే తెచ్చాడు. అమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి బయల్దేరితే, మోకాటి లోతు నీళ్లలో కాస్త దూరం పోయి ఆగిపోయింది. చాల్ అంతా ఉరికొచ్చింది.  నాన్న రెండు చేతులూ అడ్డం పెట్టి, "ముట్టకుండ్రి! సేఠ్ బండి, గీత పడ్తది!" అని అరిచాడు. నెట్టడానికి వచ్చినవాళ్లవి సిమెంటు, సున్నం కలిపే గరుకు చేతులు. అందరూ ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు, లోపల అమ్మ గాలి కోసం నోరు తెరుస్తోంది.

పెదనాన్న మరదలిని రెండు చేతులా ఎత్తుకుని, నీళ్లలో నడిచి, గల్లీ మొగన ఎత్తులో నిలిపిన తన టాక్సీలో పడుకోబెట్టి, "కొట్టుండ్రి ధక్కా!" అన్నాడు. ఆ వెనక చేతులు వేసినవాళ్లలో, ఏడుస్తూ, మా నాన్న కూడా ఉన్నాడు.

అమ్మ బతికింది. మళ్లీ నాన్న నోట సేఠ్ కారు గొప్పలు మేము వినలేదు. చాలా ఏళ్ల తర్వాత, పాత టాక్సీలు నడపరాదని సర్కారు అన్నప్పుడు, దాన్ని తుక్కుకు పంపే రోజున అమ్మ ఆయాసపడుతూనే మెట్లు దిగి వచ్చి, మగవాళ్ల మధ్య నిలబడి తనూ వెనక చెయ్యి వేసింది.

నిజం చెప్పాలంటే ఆ టాక్సీ అంత నమ్మరాని బండిని నేను చూడలేదు, రోజూ ఆగేది. అల్లుడి కారు ఆగింది ఈ ఒక్కసారే. అయినా ఆ రోజుల్లో బండి ఆగితే ఎవరికీ భయం వేసేది కాదు. మొన్న అల్లుడు కంపెనీవాళ్లకు ఫోను చేస్తూ బయట తిరుగుతుంటే, ఇంకో టాక్సీ వచ్చేదాకా ఆ చల్లని కారులో ఒక్కణ్ణే కూర్చుంటే నాకు భయం వేసింది. ఆ చాయ్ దుకాణం కుర్రాళ్లలో ఒక్కరూ నాకు తెలియదు; వాళ్ల చేత ఉత్తుత్తిగానైనా ఒక ధక్కా కొట్టించి ఉంటే, మీరు ఎవరింటి పిల్లలు నాయనా అని అడిగి ఉండేవాణ్ణి.