ఇప్పచెట్ల కింద సిస్టరమ్మలు

నా చిన్నప్పుడు నేను ఒక్క చోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. కాళ్లకు చక్రాలు కట్టుకుని పుట్టానని మా నాయనమ్మ తిట్టేది. ఇప్పుడు ముసలిదాన్నయ్యాను, మోకాళ్లు అరిగాయి, అయినా ఈ నాలుగు మాటలు మొదలుపెట్టేలోపే లేచి గడప దాకా వెళ్లొచ్చాను. అది నా తీరు, పోదు. కానీ ఒక ఏడాది ఇప్పపువ్వు కాలంలో నాకు పట్టిన అలజడి మాత్రం తీరు వల్ల వచ్చింది కాదు. అది భయం.

మాది సిరొంచ దగ్గర, అడవి అంచున ఉన్న చిన్న ఊరు. మాకు సెంటు భూమి లేదు. చలి తగ్గుతూనే మా అమ్మా నాయనా నావ ఎక్కి ప్రాణహిత దాటి, అవతలి ఒడ్డున మిర్చి ఏరడానికి పోయేవాళ్లు. అంతకు ముందు ఏడాది మా అక్కను కూడా వెంట తీసుకుపోయారు. పరీక్షల వేళకు పంపిస్తామన్నారు, పంపలేదు. ఆ తర్వాత అక్క మళ్లీ బడి మొహం చూడలేదు. నేను మాత్రం నాయనమ్మ దగ్గర ఉండి క్రైస్తవ సిస్టర్ల బడికి పోతుండేదాన్ని. నాయనమ్మ ముందే తేల్చి చెప్పింది, పువ్వు మంచిగా రాలితే బడి, రాలకపోతే మిర్చి తోట అని. ఎండబెట్టిన ఇప్పపువ్వు అమ్మితేనే మాకు వానకాలం గింజలు. అది లేకపోతే నా చేతులు కూడా పనిలోకి దిగాల్సిందే. నాయనమ్మ మనసు రాయి కాదు, మా ఇల్లు నడిచే తీరే అది.

సిస్టర్ల మఠం బడి వెనకాలే ఉండేది. పెద్ద సిస్టరమ్మ ఎక్కడో దక్షిణాన సముద్రం పక్కన పుట్టిందట. తెలుగు మా ఊళ్లోనే నేర్చుకుంది కాబట్టి నోరు తెరిస్తే అచ్చం మా యాసే. ఆ మఠంలో ఒక నియమం ఉండేది. రాత్రి ప్రార్థన అయినప్పటి నుంచి మర్నాడు పొద్దుటి ప్రార్థన ముగిసేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఆ వేళ దేవుడు చెప్పేది వినడానికట. బడిపిల్లలం కాబట్టి మాకు ఈ సంగతి తెలుసు. ఊళ్లో పెద్దవాళ్లకు తెలియదు.

మా దిక్కున పువ్వు రాలే ముందు ఇప్పచెట్ల కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు. నేల నల్లగా శుభ్రమైతే లేత పసుపు పువ్వు ఇట్టే కనబడుతుంది. సెగ తగిలితేనే చెట్టు విరగబూస్తుందని నమ్మకం కూడా ఉండేది. ఆ నిప్పు చాలాసార్లు చెప్పిన చోట ఆగేది కాదు, అడవిలోకి పాకేది. పెద్ద సిస్టరమ్మ ఒకరోజు మా ఇంటికొచ్చి గుమ్మం ముందు నేల మీదే కూర్చుంది. చెట్లన్నీ ముసలివే ఉన్నాయని, మొలిచిన ప్రతి మొక్కా మంటల్లో పోతోందని, ఈ ఏడు నిప్పు పెట్టొద్దని బతిమాలింది.

"నీ మనుమరాలు నీ అంతయినంక ఏరుకునేటందుకు చెట్టేది అమ్మా?" అని అడిగింది.

"నా మనుమరాలు ఈ యేడు ఏం తింటదో గది చెప్పు ముందుగాల," అంది నాయనమ్మ.

సిస్టరమ్మ కొంగు దులుపుకుని లేచింది. మఠం వైపు వెళ్లిపోయింది. నాయనమ్మే గెలిచిందని నాకు భలే సంతోషమైంది.

ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున నిప్పు తీసుకుని నాయనమ్మా నేనూ మా చెట్ల దగ్గరికి పోయాం. చెట్లు అడవివే అయినా ఏవి ఎవరివో ఊళ్లో పంపకం ఉండేది. పోయి చూస్తే మఠంలోని సిస్టర్లందరూ కొంగులు బిగించి, చీపుర్లతో మా చెట్ల కింద ఆకులు ఊడుస్తున్నారు. ఊడ్చిన ఆకంతా దూరంగా ఒక గుంటలో పోస్తున్నారు. కాల్చడానికి అక్కడ గుప్పెడు ఆకు కూడా మిగల్లేదు.

నాయనమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఎవలు రమ్మన్నరు మిమ్ముల? గిదేం పని?" అని గొంతెత్తింది. ఎవరూ పలకలేదు. "నోట్లె నాలుకె లేదా మీకు?" అంది. వాళ్లు ఊడుస్తూనే ఉన్నారు. అందరిలోకీ చిన్న సిస్టర్ నవ్వాపుకోలేక చెట్టు చాటుకు తప్పుకుంది. నేను నాయనమ్మ కొంగు లాగి, ప్రార్థన అయ్యేదాకా వాళ్లు మాట్లాడరని చెప్పాను. ఎదుటివాళ్లు మాటకు మాట అనకపోతే తిట్టడం ఎంత కష్టమో నాయనమ్మకు ఆ పూట తెలిసొచ్చింది. చివరికి నా రెక్క పట్టుకుని ముందుకు తోసింది.

"పువ్వు రాలకుంటే ఈ పిల్ల మిర్చి తోటకు పోతది. సదువు బందైతది. గా పాపం మీదే, యాదుంచుకోండ్రి," అంది.

పెద్ద సిస్టరమ్మ ఊడవడం ఆపింది. నన్ను చూసింది, నాయనమ్మను చూసింది. మెల్లగా తల ఊపి మళ్లీ పనిలో పడింది.

ఆ రోజు నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. అన్నం సయించేది కాదు. నీళ్లకు పంపిస్తే బిందె బావి దగ్గర వదిలేసి చెట్ల దగ్గరికి పరుగెత్తేదాన్ని. తల వెనక్కి వంచి మొగ్గలు చూసీ చూసీ మెడ పట్టేసేది. బడిలో కూడికలు తప్పులు, హాజరు పిలిస్తే పలకడం మరుపు. ఆకాశంలో కాస్త మబ్బు కనబడితే పాఠం మధ్యలోనే లేచి కిటికీ దగ్గరికి పోయేదాన్ని. ఆగలేక ఒకరోజు పెద్ద సిస్టరమ్మ దారికి అడ్డం నిలబడి, మీ దేవునికి జర గట్టిగా చెప్పమని అడిగాను.

"చెప్పిన బిడ్డా. చెప్పుడు అయిపోయింది. ఇగ మేము చేసేది ఏమున్నదో చూడాలె," అంది.

నాకది అర్థం కాలేదు సరికదా, కోపం వచ్చింది. పువ్వు రాల్చడం మనుషులు చేసే పనా?

ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం దగ్గరపడగానే మబ్బు కమ్మింది. వానా వడగండ్లూ కలిసి పడ్డాయి. రాలిన పువ్వు రాలినట్టే బురదలో కుళ్లింది. నిప్పు పెట్టుకున్న పక్క ఊరివాళ్లకూ అదే గతి పట్టింది, కానీ నాయనమ్మ ఆ మాట చెవిన వేసుకోలేదు. సెగ లేక చెట్టు అలిగిందని తేల్చేసింది. నా బట్టలు మూట కట్టి, నావ దాకా తోడు రమ్మని మా చిన్నాయనకు కబురు పెట్టింది. నేను ఏడవలేదు. ఏడవాలన్నా ఒక చోట నిలబడాలి కదా. ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

మర్నాడు తెల్లారకముందే సిస్టర్లు మా గుమ్మం ముందు ఉన్నారు. చంకల్లో గంపలు. ఇంకా వాళ్ల మౌనం వేళే. పెద్ద సిస్టరమ్మ లోపలికొచ్చి, నా మూట విప్పి, బట్టలు మళ్లీ దండెం మీద వేసింది. తర్వాత అడవి లోపలి వైపు చెయ్యి చూపించింది. అక్కడ ఆలస్యంగా పూసే చెట్లున్నాయి, ఎవరి వంతులోనూ లేనివి. దూరమని, తన ఒక్కదానివల్ల కాదని నాయనమ్మ ఎప్పుడో వదిలేసినవి. నాయనమ్మ తన గంప తీసుకుని వాళ్ల ముందు నడిచింది.

అప్పటి నుంచి పువ్వు అయిపోయేదాకా రోజూ అదే పని. పవిత్ర వారమంతా వాళ్ల ప్రార్థన ఇప్పచెట్ల కిందే జరిగింది. సిస్టర్లకు ఏరడం చేతకాదు. "గట్ల ఒక్కొక్కదాన్ని ముద్దాడుకుంట ఏరితే పొద్దుగూకినా గంప నిండది," అని నాయనమ్మ కసిరేది. ఆ పువ్వు మత్తు వాసనకు చిన్న సిస్టర్‌కు తల తిరిగేది. తెల్లచీరల అంచులు ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. వాళ్లు మాట్లాడరు కాబట్టి నాయనమ్మ మాట్లాడేది. తన పెళ్లి, చచ్చిపోయిన పిల్లలు, కరువు, నాతో కూడా ఎన్నడూ చెప్పనివన్నీ చెప్పింది. మధ్యలో అడ్డుపడకుండా ఆమె మాట విన్నవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరనుకుంటాను.

ఒక పొద్దున ప్రార్థన అయిపోయి వాళ్ల మౌనం తీరాక, నాయనమ్మ నేల చూస్తూ అంది. "వాన పడుడు మీ చేతుల పనా సిస్టరమ్మా? నేను కోపంల ఏదో అన్న. ఇగ ఇడిసిపెట్టుండ్రి."

"మేము తల ఊపినం గద అమ్మా," అంది సిస్టరమ్మ, వంగిన నడుం ఎత్తకుండానే.

ఆ ఏడు పువ్వు సరిపడా వచ్చిందని చెప్పలేను. వానకాలంలో ఒంటిపూట గంజితో గడిపిన రోజులున్నాయి. కానీ నేను పరీక్షలు రాశాను, పై తరగతికి పోయాను. మిర్చి తోట మాట నాయనమ్మ మళ్లీ ఎత్తలేదు. ఊరంతా నిప్పు మానేసిందా అంటే అదీ లేదు. మా ఇల్లు మానేసింది, మమ్మల్ని చూసి ఇంకొందరు మానేశారు.

చదువుకుని నేను నర్సునయ్యాను. ఆ అడవి ఊళ్లలోనే తిరిగి తిరిగి రిటైరయ్యాను. నా పనంతా మనుషులకు ఇది మానండి, అది మానండి అని చెప్పడమే. చెప్పడం తేలిక, పైగా నాకు ఓపిక తక్కువ. ఇప్పటికీ ఎవరైనా సలహాకు వస్తే మాట నోటిదాకా దూసుకొస్తుంది. అప్పుడు పళ్ల బిగువున ఆపుకుని నన్ను నేను ఒక్కటి అడుగుతాను. వీళ్లు ఇది మానితే, ఈ ఇంట్లో బడి మానాల్సింది ఎవరు? ఆ పిల్ల ఎవరో కనుక్కునేదాకా నేను నోరు విప్పను.