మూడు స్క్రూలు

కోదాడలో హుజూర్‌నగర్ రోడ్డు మీద నా సీటు కవర్ల కొట్టు, జయరాజు షెడ్డు పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఒక్క రేకు అడ్డం. ఇన్నేళ్ళలో జయరాజు నాతో మాట్లాడిన మాటలన్నీ నేను ఒక్క పూటలో మాట్లాడేస్తానని మా ఆవిడ అంటుంది. అది నిజమే. నాకు నోరు ఊరుకోదు, ఆయనకు నోరు పెగలదు. అందుకే మా మధ్య ఇంతవరకు తగాదా రాలేదు.

ఆయన చేసేది డోర్ల పని ఒక్కటే. లాకులు, హ్యాండిళ్ళు, దిగని అద్దాలు. ఇంజన్ వైపు కన్నెత్తి కూడా చూడడు. సొంత ఊరు మిర్యాలగూడ. పని నేర్చుకున్నది సూర్యాపేట పాత బస్టాండు వెనక, ఒక ముసలి ఉస్తాదు దగ్గర. ఆ తర్వాత చాలాకాలం మిర్యాలగూడలోనే రైస్ మిల్లుల బళ్ళు బాగుచేశాడు. అక్కడ గాలిలోనే తవుడు ఉంటుంది. లాకు బిగుసుకుపోతే డ్రైవర్లు ఇంత ఇంజనాయిల్ పోసి వదిలేస్తారు. నూనె, తవుడు కలిసి ముద్దకట్టి, వారం తిరగకుండా తలుపు మళ్ళీ మొరాయిస్తుంది. "ఆయిలు పోసినా అన్నా" అని ఎవరైనా గొప్పగా చెబితే చాలు, జయరాజు ముఖం మాడిపోతుంది. పెళ్ళయ్యాక అత్తగారి ఊరని కోదాడ వచ్చి ఈ షెడ్డు వేసుకున్నాడు.

ఆయనకు రెండు అలవాట్లున్నాయి. విప్పిన స్క్రూ ఏదీ కింద పెట్టడు, చొక్కా జేబులో వేసుకుంటాడు. అందుకే ఆయన చొక్కాలన్నిటికీ జేబులు చిల్లులే. వాళ్ళావిడ జమున ఉతికేటప్పుడల్లా స్క్రూలు ఏరి, మా కొట్టుకు వినపడేలా తిడుతుంది. "కింద పెడితే మన్నుల పోతది. మళ్ళీ బిగించాలి కదా" అంటాడు, అంతే.

రెండో అలవాటు, పాడైన ముక్కను బండి యజమాని అరచేతిలో పెట్టడం. విరిగిన స్ప్రింగో, అరిగిన పన్నో, తెగిన క్లిప్పో ఏదైనా సరే, తుడిచి, చేతిలో పెట్టి, "ఇదీ" అంటాడు. ఆ ముక్క చూపించకుండా బండి ఇచ్చింది నేనెప్పుడూ చూడలేదు. చేతిలో పడ్డ ముక్కను చూశాక ఎవరూ ఇక మాట్లాడరు. మాట తక్కువ మనిషి కదా, ఆ ముక్కే ఆయన మాట.

పోయిన చలికాలంలో ఒకరోజు పొద్దున మోతె వైపు నుంచి ఒక ట్రాక్టరు పాత జీపును తాడు కట్టి లాక్కొచ్చింది. ఫోర్ వీల్ జీపు, పైన రేకు టాపు. ఒళ్ళంతా ఎండిన బురద. దాన్ని చూడగానే నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ జీపు గురించి మాకు తెలుసు. ఈ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు.

వానాకాలంలో వాగు పొంగిన రోజు, మోతె దగ్గరి గొర్ల కాపరి సత్తయ్య, అతని తమ్ముడు సాయితేజ అవతలి ఒడ్డున చిక్కుకున్న గొర్రెపిల్లల్ని ఆ జీపులో ఎక్కించుకుని వాగు దాటబోయారు. ఆ జీపు ఎంత బురదలోనైనా పోతుందని సత్తయ్యకు ధీమా. నడిమధ్యలో ఇంజన్ ఆగిపోయింది. సాయితేజ ఎడమ తలుపులోంచి దూకి చెట్టు పట్టుకుని బతికాడు. సత్తయ్య బతకలేదు. నీళ్ళు తీశాక ఆయన జీపు వెనక భాగంలో, గొర్రెపిల్లల మధ్య దొరికాడు.

ఆ రోజు నుంచి ఊళ్ళో ఒకటే మాట. డ్రైవర్ పక్క తలుపు పట్టేసింది, సత్తయ్యకు దారి లేదు, ఎడమ పక్క తలుపులోంచి తమ్ముడు తన ప్రాణం తాను చూసుకుని దూకేశాడు, అన్నను చెయ్యి పట్టి లాగి ఉంటే బతికేవాడు అని. సాయితేజ చెప్పింది వేరు. అన్న వెనక్కి పోయి గొర్రెపిల్లల్ని వదలాలని చూశాడని, తనను దూకమన్నాడని, వస్తానన్నాడని. ఎవరు నమ్ముతారు? నాకూ నమ్మబుద్ధి కాలేదు. చచ్చినవాడి మీద ఏమైనా చెప్పొచ్చు, వాడు లేచొచ్చి కాదనడు కదా.

ట్రాక్టరు నడిపింది సోమయ్య, సత్తయ్య బావమరిది. దిగీ దిగగానే గొంతు పెంచాడు. పక్కన దిగింది సత్తయ్య భార్య సరిత. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, మనిషి ఎండిపోయి ఉంది. ఆమె జీపు వైపు చూడలేదు. రోడ్డుకు అవతల, టీ బండి దగ్గర, బస్సు దిగిన ఒక కుర్రవాడు నిలబడిపోయాడు. ఇటు రాలేదు. వాడే సాయితేజ అని సోమయ్య చూపుడు వేలే చెప్పింది.

"రేపు ఊర్ల పెద్దమనుషులు కూసుంటరు అన్నా," అన్నాడు సోమయ్య. "తలుపు పట్టేసిందని నువ్వొక్క మాట చెప్తె చాలు. వాని సంగతి ఖతం. వాడింక గా ఇంట్ల ఉండడు."

జయరాజు చేతులు తుడుచుకుని సరిత వైపు చూశాడు.

"నాకు పెద్దమనుషులు ఒద్దు, ఏమొద్దు," అందామె నేల చూస్తూ. "తలుపు రాలేదా, మనిషి రాలేదా, గది చెప్పన్నా. నేను నిద్రపోయి ఎన్ని నెలలైతున్నదో."

జయరాజు ఎడమ తలుపులోంచి లోపలికి ఎక్కి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. ఆ సీట్లో కూర్చోవడానికి ఆయనకు కాసేపు పట్టింది. నేను రేకు పక్కన నిలబడి చూస్తున్నాను. డ్రైవర్ తలుపు లోపలి అట్ట విప్పాడు, స్క్రూలు జేబులో వేసుకున్నాడు, చెయ్యి లోపలికి పెట్టాడు. తలుపు లోపల ఏమీ కనపడదు, అంతా చేతికే తెలియాలి. పిడికిళ్ళ కొద్దీ ఎండిన ఒండ్రు బయటికి వచ్చింది. తర్వాత కిరోసిన్‌తో కడిగాడు. చాలాసేపు కడిగాడు. చివరికి లోపలి హ్యాండిల్‌ను ఒక్క వేలితో లాగాడు. తలుపు తెరుచుకుంది. మూశాడు, మళ్ళీ లాగాడు. మళ్ళీ తెరుచుకుంది.

సోమయ్య ముఖం మాడిపోయింది. "ఏం పాడైంది అందులో?" అన్నాడు.

జయరాజు తన అరచెయ్యి చూసుకున్నాడు. పెట్టడానికి ముక్క లేదు. "ఏం పాడవలేదు. కడ్డీ బాగుంది, క్లిప్పు బాగుంది. ఇది నీళ్ళు పోయాక ఎండిన బురద. ఆ రోజు ఈ లాకు పనిచేసేదే."

"అన్నా, నువ్వు గిట్ల అంటె ఎట్ల? పట్టేసిందని చెప్తె నీదేం పోతది? వానికోసం మా చెల్లెను మోసం చేస్తవా?"

"ముక్క లేదయ్యా. లేని ముక్క ఎక్కణ్ణించి తెచ్చి పెట్టను?" అన్నాడు జయరాజు. ఆయన గొంతు పెంచడం నేను విన్నది అదే మొదటిసారి.

సోమయ్య తిట్టుకుంటూ ట్రాక్టరు దగ్గరికి పోయి కూర్చున్నాడు. జయరాజు వెనక తలుపు దగ్గరికి పోయాడు. ఆ జీపుల వెనక తలుపుకు లోపలి వైపు హ్యాండిల్ ఉండదు. బయటి నుంచే తీయాలి. లోపలి నుంచి తీయాలంటే లాకు మీద ఉన్న చిన్న రేకు ప్లేటు విప్పి, లోపలి మీటను పైకి ఎత్తాలి. నాలుగు స్క్రూలు విప్పాలి. ఎవరికి అంత ఓపిక ఉంటుంది?

ఆయన లోపలికి పాకి, చేతిలోని లైటు వేసి, అలాగే ఉండిపోయాడు. ఎంతకూ బయటికి రాలేదు. నేనే వెళ్ళి తొంగి చూశాను. రేకు ప్లేటు ఒక్క స్క్రూ మీదే బిగుసుకుని ఉంది, పక్కకు జరగదు. ఆ ఒక్క స్క్రూ తల చుట్టూ స్క్రూడ్రైవర్ జారిన గీతలు. మిగతా మూడు బొక్కలు ఖాళీ.

"అమ్మా, ఈ ప్లేటు ఎవరైనా విప్పారా? జీపు బయటికి తీశాక?" అని అడిగాడు జయరాజు లోపలి నుంచి.

"ఎవరు ముట్టుకుంటరు? ఇంటి ముందట పెట్టిన్రు, మా బిడ్డ అక్షితను కూడ దాని దిక్కు పోనియ్యలే."

"మూడు స్క్రూలు లేవు. అందులో ఎక్కడా పడలేదు, అంతా చూశాను."

సరిత తల ఎత్తింది. ఆమె ముఖంలో రంగు పోవడం నేను చూశాను. మెల్లిగా కొంగుముడి విప్పింది.  ముడిలోంచి మూడు స్క్రూలు తీసి, జీపు లోపలికి చెయ్యి చాచి, జయరాజు అరచేతిలో పెట్టింది.

"దవాఖానల ఆయన అంగి జేబుల ఉన్నయన్నరు. కవర్ల ఏసి ఇచ్చిన్రు. ఇయెందుకు, పారెయ్యి అన్నడు మా అన్న. ఏందో తెల్వదు గాని పారెయ్యబుద్ధి కాలే."

జయరాజు ఒక స్క్రూ తీసుకుని ఖాళీ బొక్కలో పెట్టి తిప్పాడు. అది సాఫీగా దిగింది. అప్పుడు నాకు అర్థమైంది. నాకే అర్థమైతే ఆమెకు అర్థం కాదా? ఆమె నేల మీద కూలబడింది.

"మూడు ఇప్పినంతసేపు ఉన్నడా? గంతసేపు ఉన్నోనికి దుంకెటందుకు టైం లేదా? గొర్లు యాదికొచ్చినయ్, నేను రాలేదా? పిల్ల రాలేదా? మమ్ములను గింతగనం మరిసిపోయిండా అన్నా?"

  ఆమె అడిగింది న్యాయంగానే ఉంది. చచ్చినవాడి మీద నాకే కోపం వచ్చింది.

జయరాజు జీపులోంచి దిగాడు. ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. తన చొక్కా జేబులో చెయ్యి పెట్టి, పొద్దుటి నుంచి విప్పిన స్క్రూలన్నీ తీసి చూపించాడు.

"అమ్మా, నేను రోజూ ఇదే పని. స్క్రూలు ఎందుకు జేబులో వేసుకుంటానో తెలుసా? మళ్ళీ బిగిద్దామని. రాకూడదు అనుకున్నవాడు, చావుకు తెగించినవాడు విప్పినవి అక్కడే పడేస్తాడు. నీళ్ళు మెడకు వస్తుంటే స్క్రూలతో ఏం పని? ఆయన ఒక్కొక్కటీ జేబులో వేసుకున్నాడు. గొర్రెల్ని వదిలి, ఇంటికి వచ్చి, రేపు బిగించుకుందాం అనుకున్నాడు. నిన్ను మర్చిపోయినవాడు ఇంటి గురించి అనుకోడమ్మా."

అంత పొడుగు మాట ఆయన జన్మలో మాట్లాడి ఉండడు. మాట్లాడి, అలసిపోయినట్టు లేచి వెళ్ళి కిరోసిన్ డబ్బా మూత పెట్టుకున్నాడు.

సరిత చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని రోడ్డు అవతలికి చూసింది. సాయితేజ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. సత్తయ్య పోయిన రోజు నుంచి ఆమె అతనితో ఒక్క మాట మాట్లాడలేదట. ఇంట్లో అక్షిత కూడా బాబాయి ఎదురుపడితే తల తిప్పుకునేదట.

"సాయితేజా, గీడికి రా," అని పిలిచింది.

వాడు రోడ్డు దాటి వచ్చాడు. దగ్గరికి రావడానికి భయపడుతూ రెండడుగుల దూరంలో ఆగాడు.

"మీ అన్న ఏమన్నడో చెప్పు."

"చెప్పిన గదా వదినా, అందరికి చెప్పిన…"

"నాకు చెప్పలే. నేను ఇనలే. ఇప్పుడు చెప్పు."

వాడు జీపు వెనక వైపు చూశాడు.  "'నువ్వు దుంకుర, నీకు ఈత రాదు, ముందు చెట్టు పట్టుకో' అన్నడు. నేను చెయ్యి పట్టి గుంజిన వదినా, ఒట్టు. ఇదిలిచ్చుకున్నడు. 'ఇంకొక్కటే ఉన్నదిర, ఇప్పి వస్త. వదిన బువ్వ పెట్టుకొని కూసుంటది' అన్నడు."

సరిత వాడి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకునే ఇద్దరూ అక్కడే కూర్చుని ఏడ్చారు. ట్రాక్టరు మీది సోమయ్య ముఖం అటు తిప్పుకున్నాడు.

జయరాజు ఆ అరిగిపోయిన నాలుగో స్క్రూను ఎలాగో పీకి, కిరోసిన్‌లో కడిగి, గుడ్డతో తుడిచి, సరిత అరచేతిలో పెట్టాడు. "ఇదీ" అన్నాడు. ఆమె దాన్ని చూసి, కొంగున ముడి వేసుకుంది. ఆ స్థానంలో బిగించడానికి తన డబ్బాలోంచి కొత్తది తీశాడు. సాయితేజను పిలిచి స్క్రూడ్రైవర్ చేతికిచ్చాడు.

"బిగించు," అంది సరిత. "ఆయన బిగిద్దామనుకున్నడు."

వాడు లోపలికి ఎక్కి ఒక్కొక్కటే బిగించాడు. మధ్యాహ్నం అయ్యాక ఆ జీపు మళ్ళీ తాడు మీదే మోతెకు పోయింది. ఇంజన్ ఎలాగూ పనిచేయదు. సరిత ట్రాక్టరు ఎక్కలేదు. జీపులోనే, ముందు సీట్లో, స్టీరింగ్ పట్టుకున్న మరిది పక్కన కూర్చుని పోయింది.

ఆ తర్వాత జయరాజు షెడ్డుకు వచ్చే ప్రతి పాత జీపుకూ, అడిగినా అడగకపోయినా, వెనక తలుపు లోపలి వైపు ఒక హ్యాండిల్ బిగించి పంపుతున్నాడు. ఎందుకని ఎవరైనా అడిగితే సమాధానం చెప్పడు. చెప్పేది నేను. చెప్పినప్పుడల్లా ఆయన రేకు అవతలి నుంచి వింటూ పనిచేసుకుంటూ ఉంటాడు.