తోట బంగళాలో కారప్పొడి

రిటైర్మెంటుకు ముందు నా చివరి పోస్టింగు మార్టూరు వైపు, సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా. రెండేళ్ల కిందట, మిరప కోతలు జోరుగా సాగుతున్న మాఘమాసంలో ఈ కేసు వచ్చింది. పొలాల మధ్య ఒక మిర్చి వ్యాపారి కట్టించిన పాత తోట బంగళా ఉంది. అందులో గదికొకరు చొప్పున ముగ్గురు వృద్ధులు అద్దెకుండేవారు. వాళ్లలో రంగమ్మగారు పట్టపగలు, ఎప్పుడో చనిపోయిన భర్తతో మాట్లాడుకుంటూ వెళ్లి బావిలో పడి చనిపోయింది. పగబట్టినవాళ్లెవరూ లేరు. ఇలాంటివాటిని అనుమానాస్పద మృతి కింద నమోదు చేసి, శవ పంచనామా జరిపి, లోపలి అవయవాల నమూనాలు ల్యాబుకు పంపుతాం. రిపోర్టుకు వారాలు పడుతుంది.

అది రాకముందే పక్కగది ఖాసింబీకీ అలాంటి మాటలే మొదలయ్యాయని కబురొచ్చింది. "దయ్యం సార్, ఆ కొంపలో అడుగు పెట్టొద్దు" అన్నాడు మా హెడ్‌కానిస్టేబుల్. "దయ్యమా, నీ మొహమా! బండి తియ్యి" అన్నాను. అన్నానే గాని, ఆవిణ్ని చూశాక నాకూ దయ్యమేనేమో అనిపించింది.

మిట్టమధ్యాహ్నం వరండాలో మంచం మీద కూర్చుని, చేలో పత్తి తీస్తున్నట్టు గాల్లో వేళ్లు ఆడిస్తోంది. తనలో తను నవ్వుకుంటోంది. ఎండ ముఖాన కొడుతున్నా కనుపాపలు పెద్దవిగా విచ్చుకునే ఉన్నాయి. నేను మంచం మీద కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడ కాదు బాబూ, మా పిల్ల కూర్చుంది."

ఆ పిల్ల చిన్నప్పుడే కామెర్లతో పోయిందని మూడో గదిలో ఉండే శేషయ్య మాస్టారు నెమ్మదిగా చెప్పారు. ఆవిణ్ని అంబులెన్సు ఎక్కించాం. కాసేపటికి డాక్టరు ఫోను చేశాడు. ఏం తిన్నదో తేల్చకపోతే మనిషి దక్కదన్నాడు.

ముగ్గురివీ వేరువేరు పొయ్యిలు. ఇద్దరాడవాళ్ల పొయ్యిల దగ్గరా ఒకేలా కనిపించింది మాస్టారు దంచి ఇచ్చిన కారప్పొడి సీసా ఒక్కటే. మా వైపు పక్కింటివాళ్లు ప్రేమగా పెట్టిన కారప్పొడి వద్దనడం ఉండదు. మిరపకాయలు వేయించి కచ్చాపచ్చాగా దంచుతారు. మాడిన గింజలను ఎవరూ పట్టి చూడరు. మిరపగింజ పలచగా, నున్నగా ఉంటుందనీ, ఉమ్మెత్త గింజ దళసరిగా, గుంటలు గుంటలుగా ఉంటుందనీ ట్రైనింగులో మాకు చెబుతారు. భూతద్దం కింద రెండూ కనిపించాయి. డాక్టరుకు వెంటనే చెప్పాను.

మాస్టారు దాచలేదు. "ఆయాసానికని ఉమ్మెత్తాకు పొగ పీల్చేవాణ్నండి. ఎప్పుడో పోయిన మా ఆవిడ ఒకరోజు వచ్చి పక్కన కూర్చుంది. అంత సంతోషం నాకొక్కడికేనా అనిపించింది. వాళ్లకు మాత్రం ఎవరున్నారండీ?"

"రంగమ్మగారు పోయాక కూడా పెట్టారా?" అని అరిచాను. చెప్పలేనంత కోపమొచ్చింది నాకు.

"ఆవిడ నవ్వుకుంటూ వెళ్లిందండి. నేను చూస్తూనే ఉన్నాను" అన్నారు, పాఠం చెప్పినంత నిదానంగా.

ఖాసింబీ బతికింది. తేరుకున్నాక వాంగ్మూలం కోసం ఆస్పత్రికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు పక్కనున్న ఖాళీ కుర్చీ వంక చూసింది. తరువాత నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ పొడి ఇంకేమన్నా మిగిలిందా బాబూ?"

అంతవరకూ విషం కేసు ఏదొచ్చినా పగ ఎవరికుందని మొదట అడిగేవాణ్ని. ఆ తరువాత, ప్రేమగా వడ్డించిందెవరని అడగడం నేర్చుకున్నాను.