మా బావి నీళ్ళ మీద అనుమానం

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు ఏదో ఒకదాని మీద అనుమానం పట్టుకుంటుంది. ఆ రోజుల్లో నాకు నీళ్ళ మీద పట్టుకుంది. శామీర్‌పేట దగ్గర చిన్న ల్యాబులో మా పని, నీళ్ళలోని అమీబాలను పెంచి అవి ఏ రకానివో తేల్చడం. (పెంచడమంటే మేకల్ని పెంచినట్టే. మేత వేయాలి, వెచ్చగా ఉంచాలి, రోజూ చూసుకోవాలి. మేత మాత్రం బాక్టీరియా.) వాటిలో ఒక రకం ముక్కులోంచి మెదడుకు ఎక్కుతుంది, ఎక్కితే మనిషి దక్కడం కష్టం. ఒకరోజు మా ల్యాబు పెద్ద మేడం మమ్మల్ని తలా ఒక సీసా నీళ్ళు తెమ్మంది. ఒకరు చెరువు నీళ్ళు తెచ్చారు, ఇంకొకరు కొంపల్లిలో ఏదో ఈతకొలను నీళ్ళు తెచ్చారు. నేను అలియాబాద్‌లోని మా పొలం బావి నీళ్ళు పట్టుకెళ్ళి, ఇవి కొబ్బరినీళ్ళతో సమానమని గొప్పలు పోయాను.

మేత పూసిన గాజు ప్లేట్లలో ఆ నీళ్ళు వేసి, తీరా చూస్తే వాళ్ళ ప్లేట్లలో అమీబా జాడే లేదు. నా ప్లేటులో మాత్రం ఎవరో మేత మేస్తూ తిరిగిన దారులు. జ్వరమంత వేడిలో పెట్టినా చక్కగా పెరిగాయి, ఆ చెడ్డ రకానికేమో వేడంటే ప్రాణం. ఇంకా పరీక్షలున్నాయి, తేలేదాకా బయట అనొద్దని మేడం ఆజ్ఞ. ఎండాకాలం మా నాయిన పొద్దున్నే ఆ బావిలో దూకి ఈత కొట్టందే చాయ్ ముట్టడు.

ఆపుదామని, బావిలో పాము కనిపించిందని అబద్ధమాడాను. "పామా? అది నువ్వు పుట్టకముందు సంది ఉన్నది బిడ్డా," అని దూకేశాడు. ఇక ఆయన్ని కనిపెట్టుకుని ఉండటమే మిగిలింది. (ఆ జబ్బు తలనొప్పితో మొదలవుతుందనీ, మెడ బిగుసుకుపోతుందనీ చదివాను.) లేవగానే తల నొస్తుందా అని అడిగేదాన్ని, నుదురు పట్టుకుని చూసేదాన్ని, గడ్డం ఛాతీకి ఆనించమనేదాన్ని. "గంగిరెద్దు లెక్క తలకాయ ఊపమంటవేంది?" అని విసుక్కుంటూనే ఊపేవాడు. ఆయన తుమ్మితే తింటున్న అన్నం వదిలేసి పరుగెత్తేదాన్ని. నేను నాయినను అనుమానంగా చూస్తుంటే అమ్మ నన్ను చూసేది, నాయిన మా ఇద్దరినీ చూసేవాడు. రానురాను ఆయన మాట తగ్గించాడు. ఏ బర్రె తంతుందో, బావి మోటారు ఎట్లా ఆపాలో అమ్మకు చెప్పడం మొదలుపెట్టాడు. మాట తగ్గడం కూడా లక్షణమేనేమోనని మళ్ళీ పుస్తకాలు తిరగేశాను.

చివరికి ల్యాబులో ఆ అమీబాలను శుద్ధమైన నీళ్ళలో వేశాం. చెడ్డ రకమైతే కొన్ని గంటల్లో తోకలు మొలిపించుకుని ఈదుతుంది. మధ్యాహ్నం దాకా మైక్రోస్కోపుకు కళ్ళు అతికించుకుని కూర్చున్నాను. ఒక్కదానికీ తోక రాలేదు. ముడుచుకున్నవాటి గోడలు నక్షత్రాల ఆకారంలో ముడతలు పడి ఉండటం చూసి, ఇది వేరే జాతి అని మేడం తేల్చేసింది. కళ్ళలో లెన్సులు పెట్టుకునేవాళ్ళ చూపు పాడుచేసే రకమట. మా నాయిన కళ్ళజోడే పెట్టుకోడు. ఇల్లు చేరేదాకా ఆటోలో సంతోషంతో ఏడుస్తూనే ఉన్నాను.

సంగతంతా చెప్పాను. నాయిన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అంటే నాకేం రోగం లేదా?"

లేదన్నాను.

"మరి ముందుగాల చెప్పొద్దా? నేను సస్తున్న అనుకొని, నిన్ననే పోయి గట్టు మీ పెద్దనాయినకు ఇడిసిపెట్టి వచ్చిన."

ఆ గట్టు తగాదాతో అన్నదమ్ములిద్దరికీ నా చిన్నప్పటి నుంచీ మాటల్లేవు. ఆ మూరెడు నేల కోసం కోర్టు దాకా వెళ్ళిన మనిషి ఆయన. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాయినకు మాత్రం కోపం తగ్గలేదు. "ముక్కులకు నీళ్ళు పోతెనే గదా పరేషాన్? గా ముచ్చట చెప్తే ముక్కు మూసుకొని దుంకుతుంటి గదనే," అన్నాడు.

గట్టు తిరిగి అడగడానికి ఆయనకు మొహం చెల్లలేదు. అసలు సంగతి తెలియని పెద్దనాయిన, తమ్ముడి మనసు ఎంత పెద్దదోనని ఊరంతా చెప్పుకుంటుంటే నాయిన నావైపు ఓరగా చూస్తాడు. అంత చదువూ చదివి, ముక్కు మూసుకో నాయినా అన్న ఒక్క మాట తోచని ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. తోచి ఉంటే మాత్రం ఆ అన్నదమ్ములు ఇవాళ్టికీ ఎడమొహం పెడమొహంగానే ఉండేవాళ్ళు.